రుచుల పందెమున తీర్పరుల పంక్తి



నేటి ప్రసంగ విషయము వినుటకు మిక్కిలి చిన్నది. వంటల పందెములలో ఏ తీర్పరిని ఏ పంక్తిలో కూర్చుండబెట్టిన న్యాయమగును అనునదే ఆ విషయము. ఇంతమాత్రమునకు ఒక ప్రసంగము కావలయునా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన పెద్దలు పంక్తిభేదమును ఎంతటి దోషముగా నెంచిరో తలచుకొనుడు. ఒకే పంక్తిలో కూర్చున్నవారిలో ఒకరి విస్తరిలో నేయి ధారగా పోసి, వేరొకరి విస్తరిలో చుక్కతో సరిపెట్టుట తగదని వారు చెప్పిరి. తినువారి విషయమున ఇంత పట్టుదల గల మనము వండినవారి విషయమున ఉదాసీనులమై యుండవచ్చునా? ఒకరి వంట చేయి ఉదారముగ నున్నవారి పంక్తికిని, వేరొకరి వంట చేయి బిగువుగ నున్నవారి పంక్తికిని పోయినచో అదియును పంక్తిభేదమే. మొదటి పంక్తిభేదమున ఆకలి మిగులును. ఈ రెండవదానిలో అపకీర్తి మిగులును.

మా జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు చెంతనున్న పట్టణము. పూర్వమిది మెదకు జిల్లాలోనిది. మా సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ అను నాలుగు భాషలును వినబడును. భాషలు పలు విధములైనట్లే నాలుకలును పలు విధములు. ఒకరికి కారము లేనిది కూర కాదు; ఒకరికి పులుపు లేనిది పప్పు కాదు. జొన్నరొట్టె పలుచగా పొంగవలయునని ఒకరు, మందముగా మెత్తగా నుండవలయునని వేరొకరు వాదింతురు. పస్తాపూరు కేంద్రముగా పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములవారు సంక్రాంతి మొదలుకొని ఊరూర పాతపంటల జాతర జరుపుచు వచ్చిరి. అలంకరించిన ఎడ్లబండ్లపై జొన్న, సజ్జ, కొర్ర, సామ మొదలగు విత్తనములు ఊరేగుట మీలో అనేకులు చూచియే యుందురు.

అట్టి ధాన్యములతో చేసిన వంటలకు ఒక గ్రామమువారు పందెము పెట్టిరనుకొందము. రొట్టెలు కాల్చి అమ్ముకొని పిల్లలను చదివించుకొను స్త్రీలు మన పట్టణములలో ఎందరో కలరు. అట్టి యొక స్త్రీకి మొదటి బహుమతి వచ్చినచో అది వట్టి ఇత్తడి చెంబు కాదు. మరునాటినుండి ఆమె పొయ్యివద్దకు వచ్చు గిరాకి. న్యాయముగ రావలసిన బహుమతి రాకపోయినచో ఆమె పోగొట్టుకొనునదియు అదియే. కనుక దీనిని కేవలము వేడుకగా నెంచరాదు. ఇది ఒకరి జీవనమును తూచు త్రాసు.

ఇప్పుడు లెక్కకు వత్తము. పందెమునకు 24 మంది వచ్చిరనుకొనుడు. ప్రతివారును రొట్టె, పప్పు, కూర, పచ్చడి అను నాలుగేసి వంటకములు తెచ్చిరి. ఒక తీర్పరి అన్నియు రుచి చూడవలెనన్న 96 ముద్దలు తినవలయును. అందులో నాలుగవవంతు పూర్తియగునప్పటికే కడుపు నిండును, నాలుక మొద్దుబారును. కనుక 24 మంది తీర్పరులను సమకూర్చి, నాలుగు బల్లలకు ఆరుగురేసి చొప్పున పంచి, ఒక్కొక్క రకములో బల్లకు ఆరేసి వంటకములను పంపుట తప్పదు. అప్పుడొక తీర్పరి తినునవి 24 ముద్దలే. పని సుకరమైనది, కాని చిక్కు ఇచ్చటనే పుట్టినది.

మొదటి బల్లవారు మంచి రొట్టెకు తొమ్మిదింట ఎనిమిది మార్కులిచ్చువారు. రెండవ బల్లవారు అంతే మంచి రొట్టెకు ఆరిచ్చువారు. ఊరిలోకెల్ల ఉత్తమమైన రొట్టె రెండవ బల్లకు పోయినది. వారు తమ అలవాటుకంటె ఒక మార్కు ఎక్కువ వేసి ఏడిచ్చిరి. మంచిదే గాని మేలుబంతి కాని రొట్టె మొదటి బల్లకు పోయినది. వారు వాడుక చొప్పున ఎనిమిదిచ్చిరి. బహుమతి ఎవరిదైనది? ఎనిమిది వచ్చినదానిది. ఇందులో అబద్ధమాడినవారు ఒక్కరును లేరు. లంచము లేదు, బంధుప్రీతి లేదు. అయినను అన్యాయము జరిగినది. తీర్పరుల నిజాయితీ వేరు, తీర్పులోని న్యాయము వేరు అని దీనివలన తేలుచున్నది. నిజాయితీ తీర్పరి మనస్సులో నుండును. న్యాయము వారిని కూర్చుండబెట్టిన తీరులోకూడ నుండవలయును.

ఉపాధ్యాయవృత్తిలోనున్న వారికి ఈ చిక్కు కొత్తది కాదు. నేను బడిలో పనిచేసిన కాలమున పదవతరగతి జవాబుపత్రములు దిద్దు శిబిరములకు పలుమారులు పోయితిని. ఒకే జవాబునకు ఒక పంతులు మూడున్నర, ప్రక్కనున్న పంతులు రెండు ఇచ్చుట అచ్చట నిత్యము కనబడును. ఇద్దరును చదువరులే, ఇద్దరును ధర్మభీరువులే. అందుచేతనే పిల్లవాని పేరు కనబడకుండ సంకేతసంఖ్య వేయుట, ఒక జిల్లా పత్రములు వేరొక జిల్లాకు పంపుట, దిద్దినవానిలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినరు మరల చూచుట అను కట్టుబాట్లు ఏర్పడినవి. పిల్లవాని భవిష్యత్తు వాని కట్ట ఏ పంతులు బల్లమీద పడినదను అదృష్టముపై నాధారపడరాదని వాని ఉద్దేశము.

వంటలకు ఇట్టి కట్టుబాట్లను పెద్దయెత్తున ఏర్పరచుకొన్నవారు అమెరికావారు. నిప్పుల సెగపైనను పొగలోను గంటలకొలది మాంసమును కాల్చు వంటను వారు బార్బెక్యూ అందురు. మాంసము తినువారు, తిననివారు మనలో నున్నారు. మనకిచ్చట కావలసినది వారి వంటకము కాదు, వారి తూకము. కాన్సాస్ సిటీ నగరమున అమెరికన్ రాయల్ అను ఉత్సవములో 1980 నుండి ఈ పందెములు జరుగుచున్నవి. 1985లో కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ యను సంఘమేర్పడి పందెములకు నియమములు కూర్చినది. అచ్చట కోడి, పంది ప్రక్కటెముకలు, పంది భుజము, ఎద్దు రొమ్ము అను నాలుగు రకముల మాంసములకు పోటీ జరుగును. ఒక్కొక్క బల్లకు ఆరుగురు తీర్పరులు. చూపు, రుచి, మెత్తదనము అను మూడు గుణములకు మార్కులు వేయుదురు. ఉత్తమమునకు తొమ్మిది, తినరానిదానికి రెండు. మూడు గుణములలో రుచికే అన్నిటికంటె ఎక్కువ విలువ గట్టుదురు. ఒక తీర్పరి ఇయ్యగల గరిష్ఠము 36. ఆరుగురిలో తక్కువ వేసినవాని లెక్క తీసివేసి, తక్కిన ఐదుగురివి కలిపిన సంపూర్ణ సంఖ్య 180 అగును.

వంట పెట్టెపై వండినవాని పేరుండదు, సంఖ్య మాత్రముండును. ఆ సంఖ్యను గూడ తీర్పరుల బల్లకు చేరుటకు ముందు మార్చు పద్ధతి కలదు. తినునప్పుడు తీర్పరులు ఒకరితో నొకరు మాటలాడరాదు. ఇన్ని కట్టుబాట్లున్నను, పందెగాండ్ర వాడుకలో రెండు బల్లల పేర్లు నిలిచిపోయినవి. ఉదారముగ మార్కులు వేయుదానిని వారు దేవదూతల బల్ల యందురు. బిగువుగ వేయుదానిని మృత్యువు బల్ల యందురు. పేరు దాచుట పక్షపాతమును ఆపగలదు గాని, బల్లకు బల్లకు గల స్వభావభేదమును ఆపలేదని దీనివలన గ్రహింపవలయును. తక్కువ వేసినవాని లెక్క తీసివేయుట ఒక్క కోపిష్ఠినుండి వంటవానిని కాపాడును. ఆరుగురును బిగువు చేతివారే యైనచో అదియు నిరుపయోగమే.

మరి మార్గమేమి? మొదటిది మన శాస్త్రములు చెప్పినదే. సభలో కూర్చుండువారు శత్రుమిత్రులయందు సములై యుండవలయునని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయము చెప్పుచున్నది. ధర్మస్థులు ముగ్గురు కూడి వ్యవహారములు చూడవలయునని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. ఒక్కని చేతిలో తీర్పు నుంచలేదు. కనుక వండినవారి బంధువులను, వారితో బాకీలు, తగవులు గలవారిని ముందుగనే తొలగింపవలయును. భార్యాభర్తలను, వియ్యంకులను, ఒకే ఇంటివారిని ఒకే బల్లకు వేయరాదు. ఒకరి ముఖము చూచి వేరొకరు మార్కు వేయుట సహజము.

రెండవది చీటి. దీనికి మన దక్షిణదేశముననే ఘనమైన పూర్వోదాహరణ కలదు. కాంచీపురమునకు దూరము కాని ఉత్తరమేరూరు దేవాలయపు గోడలపై మొదటి పరాంతకచోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కించిన శాసనములున్నవి. గ్రామసభ సంఘములకు సభ్యులను ఎట్లు ఎన్నుకొనవలయునో అందు విపులముగ చెప్పబడినది. ఊరు 30 వార్డులు. యోగ్యులైనవారి పేర్లు తాటాకు చీటులపై వ్రాసి కుండలో వేసి కలియబెట్టి, లోన ఏమున్నదో తెలియని చిన్న బాలునిచే తీయింతురు. లెక్కలు చూపనివారును, వారి బంధువులును చీటికి అనర్హులు. వేయి సంవత్సరములకు పూర్వమే మనవారు రెండు మెట్లు గుర్తించిరి: మొదట అనర్హులను తొలగించుట, పిమ్మట చీటి తీయుట. నేటికిని ఇంతకంటె శుభ్రమైన ఆరంభము లేదు.

అయినను చీటి ఒక్కటియే చాలునా? చాలదు. దీనికి చిన్న లెక్క చెప్పెదను. పండ్రెండుగురు తీర్పరులున్నారు, ఆరుగురు ఉదారులు, ఆరుగురు బిగువు చేతివారు. చీటి వేసి వారిని ఆరుగురేసిగా రెండు బల్లలకు పంచితిమి. ఇట్లు పంచుటకు మొత్తము 924 విధములు కలవు. వానిలో ప్రతి బల్లకును ముగ్గురు ముగ్గురుగ సమముగా వచ్చునవి 400 మాత్రమే. ఒక ప్రక్క నలుగురు, ఒక ప్రక్క ఇద్దరు వచ్చునవి 450. ఒకే బల్లపై ఐదుగురో, ఆరుగురో బిగువు చేతివారు చేరునవి 74. అనగా సగముకంటె తక్కువ పర్యాయములే సమము కుదురును. ఇంచుమించు పండ్రెండు పర్యాయములకొకసారి ఒక మృత్యువు బల్ల ఏర్పడును. చీటికి పక్షపాతము లేదు, నిజమే. కాని చీటికి కన్నులును లేవు.

కనుక రెండు కుండలు పెట్టుడు. ఒక కుండలో ఉదారుల పేర్లు, ఒక కుండలో బిగువు చేతివారి పేర్లు వేసి, ఒక్కొక్క కుండనుండి ముగ్గురేసి చొప్పున బల్లకు తీయింపుడు. అప్పుడు పండ్రెండవ పర్యాయపు ప్రమాదము తొలగిపోవును. ఎవరు ఏ బల్లకు అనునది మాత్రము చీటియే నిర్ణయించును. ఇట్లే అనుభవజ్ఞులను, కొత్తవారిని వేరు వేరు కుండలలో వేయవచ్చును. ఎవరు ఉదారులో ఎట్లు తెలియును? గడచిన సంవత్సరపు మార్కుల కాగితములు దాచియుంచినచో తెలియును. అవి లేనిచో పందెమునకు ముందు అందరికిని ఒకే రొట్టె తునుకలు పెట్టి మార్కులు వేయించినచో అరగంటలో తెలియును.

మూడవది వంటకములను బల్లలకు పంచుట. ఒక స్త్రీ తెచ్చిన నాలుగు వంటకములును ఒకే బల్లకు పంపరాదు. ఆ బల్ల బిగువైనదైనచో ఆమె నాలుగింటను నష్టపడును. నాలుగును నాలుగు బల్లలకు పోయినచో ఒకచోటి నష్టము వేరొకచోటి లాభముతో కొంత సరిపడును. అట్లే తీర్పరులందరును మొదటి సంఖ్య వంటకముతోనే ఆరంభింపరాదు. ఆకలితో తిన్న మొదటి ముద్ద అమృతము. కారపు కూర పిమ్మట తిన్న చప్పిడి పప్పు మన్ను. కనుక ఒక్కొక్కరు ఒక్కొక్క వంటకముతో ఆరంభింపవలయును. నడుమ మంచినీరు త్రాగవలయును.

పందెము చిన్నదైనచో ఇంకను అందమైన మార్గమున్నది. మన పూర్వులు గడులలో అంకెలు వేసి అడ్డముగ, నిలువుగ, మూలగ చదువుట ఎరుగుదురు. నారాయణపండితుడు 1356లో రచించిన గణితకౌముదిలో భద్రగణితమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. మీరును ఒక పలక తీసికొని మూడు వరుసల గడులు గీయుడు. మొదటి వరుసలో 1, 2, 3. రెండవ వరుసలో 4, 5, 6. మూడవ వరుసలో 7, 8, 9 వ్రాయుడు. ఇవి తొమ్మిది రొట్టెలు. అడ్డవరుసలు మూడు, నిలువువరుసలు మూడు. మూలగ చదివినచో 1, 5, 9 యొకటి. 2, 6, 7 యొకటి. 3, 4, 8 యొకటి. ఎదురుమూలగ చదివినచో 3, 5, 7 యొకటి. 1, 6, 8 యొకటి. 2, 4, 9 యొకటి. మొత్తము పండ్రెండు గుంపులు. పండ్రెండుగురు తీర్పరులకు ఒక్కొక్క గుంపు ఇండు. ప్రతి తీర్పరియు మూడు రొట్టెలే తినును. ప్రతి రొట్టెయు నలుగురి నోట పడును. ఏ రెండు రొట్టెలు తీసికొన్నను అవి ఒక తీర్పరివద్ద సరిగా ఒకేయొకసారి ప్రక్కప్రక్కన నిలుచును. ఇక నా రొట్టెకు దానితో పోటీయే పడలేదని చెప్పుటకు ఎవరికిని తావులేదు.

ఇదే గడిని తీర్పరులకును వాడవచ్చును. అంకెలు తొమ్మిదిమంది తీర్పరులనుకొనుడు. మూడు బల్లలు, నాలుగు విడతలు. అడ్డవరుసలు మొదటి విడత, నిలువువరుసలు రెండవ విడత, మూలలు మూడు, నాలుగు విడతలు. ఏ ఇద్దరును రెండుసార్లు కలిసి కూర్చుండరు. కలిసి కూర్చుండని జంటయు నుండదు. ఒక బల్లకు ఒక స్వభావము గట్టిపడుటకు అవకాశమే యుండదు.

ఇట్టి అమరికల శాస్త్రమునకు ఆధునికకాలమున భారతీయులు చేసిన సేవ చాల గొప్పది. పొలములో విత్తనరకములను సరిపోల్చుటకై ఇంగ్లండులో ఫిషరు, యేట్సు అను పండితులు దీనిని పెంచిరి. 1939లో కలకత్తాయందలి ఆర్. సి. బోసు అట్టి అమరికలను నిర్మించు పద్ధతులను ప్రకటించెను. ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి కలకత్తాకు పోయిన మన తెలుగువాడు సి. ఆర్. రావుగారు ఈ శాఖను మరింత విస్తరింపజేసిరి. 1920లో జన్మించిన ఆయన 2023లో, తమ నూట రెండవ యేట, గణాంకశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము పొంది ఆ యేటనే స్వర్గస్థులైరి. పొలములో ఒక మడి సారవంతము, ఒక మడి చవుడు. ఏ విత్తనమునకును చవుటి మడియే ప్రాప్తింపకుండ చూచుట వారి విద్య. బల్ల యన్నను మడియే. వంట యన్నను విత్తనమే.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. ఇంత శ్రమ యేల, బిగువు బల్లకు పందెమైన పిదప రెండేసి మార్కులు కలిపిన సరిపోదా యని కొందరందురు. ఆ మాట ప్రమాదకరము. ఒక బల్లవారు తక్కువ మార్కులు వేసిరనగా వారు బిగువు చేతివారైనను కావచ్చును, వారికి చేరిన రొట్టెలే నాసిరకమైనను కావచ్చును. ఏదియైనదో తెలియక మార్కులు కలుపుట చీకటిలో తూకపురాళ్లు మార్చుట వంటిది. తెలిసికొనవలెనన్న ఒక ఉపాయమున్నది. పందెమున లేని యొకరిచే ఒకే పిండితో, ఒకే పెనముపై రొట్టెలు కాల్పించి, సంఖ్య వేసి, తీర్పరులకు తెలియకుండ ప్రతి బల్లకు ఒకటి పంపుడు. ఈ ఉమ్మడిరొట్టెకు ఒక బల్లవారు ఎనిమిది, ఒక బల్లవారు ఆరు ఇచ్చిరేని, ఆ రెండు మార్కుల భేదము చాలవరకు తీర్పరులదే గాని రొట్టెది కాదు. దానినిబట్టి సవరింపవచ్చును. కాని సవరింతుమని, ఎట్లు సవరింతుమో, పందెమునకు ముందే అందరికిని చాటవలయును. ఫలితము చూచిన పిదప చేయు సవరణను, అది ఎంత సక్రమమైనదైనను, ఎవరును నమ్మరు.

గ్రామపెద్దలారా! ముగ్గుల పందెమైనను, భజనల పందెమైనను, రొట్టెల పందెమైనను తీర్పరులను పిలుచుట మీ పని. గౌరవనీయులని పిలిచి, వచ్చినవారిని వచ్చినచోట కూర్చుండబెట్టుట మన వాడుక. ముందువరుసలో సర్పంచిగారు, ఆయన ప్రక్క బావగారు, వారి ప్రక్క ఇద్దరు మిత్రులు. అదియొక బల్ల యగును. వెనుక ఎవరికిని తెలియని నలుగురు కొత్తవారు. అదియొక బల్ల యగును. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు, ఎవరి ఆలోచనయును లేదు. ఆ ఆలోచన లేకపోవుటయే దోషము. దీనిని సవరించుటకు ధనము అక్కరలేదు. రెండు కుండలు, కొన్ని చీటులు, చదువు రాని ఒక పసిబిడ్డ, పందెమునకు వెలుపలి యొక రొట్టె: ఇంతే కావలసినది. పందెము ముగిసిన పిమ్మట ఏ బల్లకు ఏ సంఖ్య వంట పోయినదో, ఎవరెన్ని మార్కులు వేసిరో పంచాయతి గోడపై అంటింపుడు.

ఓడినవారు ఎల్లప్పుడును కొంత బాధపడుదురు, అది మానవస్వభావము. కాని నా రొట్టె ఓడినది యని బాధపడుట వేరు, నా రొట్టె పోయిన బల్ల నన్ను ఓడించినది యని బాధపడుట వేరు. మొదటివారు వచ్చు సంక్రాంతికి ఇంకను మంచి పిండి విసరుకొని వత్తురు. రెండవవారు మరల రారు. వారితోకూడ వారి చేతి రుచియును, వారు దాచుకొన్న పాతజొన్నల వాసనయును ఊరికి దూరమగును. అట్లు జరుగకుండ చూచుట తీర్పరులను పంక్తిలో కూర్చుండబెట్టు పెద్దల చేతిలో నున్నది.